వేసవి సెలవులు ఎవరికి?

ఏప్రిల్ చివరి వారంలో బడులకు తాళాలు పడతాయి. మళ్ళీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఈ ఏడు వారాలూ ప్రభుత్వ టీచర్లకు జీతం వస్తుంది. రావాలి కూడా. అది ఎవరో దయతలచి ఇచ్చింది కాదు, సంఘటితంగా నిలబడి కాపాడుకుంటున్న హక్కు. అదే బడిలో, అదే పిల్లలకు రోజూ వండి వడ్డించే ఆడవాళ్ళకు మాత్రం ఈ రోజులకు పైసా రాదు. వాళ్ళను పనిలోంచి తీసెయ్యరు. అలాగని పనిలో ఉన్నట్టూ లెక్కించరు. ఈ ఉండీ లేని స్థితి గురించి మనం మాట్లాడుకోవాలి.

బడిలో వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఈ పథకం మొదలైంది. వంట బాధ్యతను ఎక్కువగా డ్వాక్రా సంఘాల స్త్రీలకు అప్పగించారు. 2009 డిసెంబరు నుంచి కేంద్రం వాళ్ళకు నెలకు 1,000 రూపాయల 'గౌరవ వేతనం' నిర్ణయించింది. అదీ ఏడాదికి పది నెలలకే. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ మొత్తాన్ని 3,000 చేసింది. ఆ తర్వాత తెలంగాణలోనూ 3,000 అయింది. పెంచినందుకు సంతోషమే. కానీ లెక్క వేసి చూడండి. నెలకు 3,000 చొప్పున పది నెలలకు 30,000. దాన్ని ఏడాది పొడుగునా పరిస్తే రోజుకు 82 రూపాయలు. తిండి మానుకుని బతికే నెలలు ఆడవాళ్ళకు ఏమైనా ఉన్నాయా, పది నెలలకే లెక్క కట్టడానికి?

దేశం మొత్తం మీద ఈ పని చేసేవాళ్ళు సుమారు 25 లక్షల మంది. అత్యధికులు స్త్రీలు. ఈ నియామకాల్లో దళిత, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న చెప్పింది. అంటే సెలవుల జీతం ఎగ్గొట్టే ఈ ఏర్పాటు భారం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. భూమి లేనివాళ్ళ మీద, ఒంటరి స్త్రీల మీద, ఇంటికి తామే ఆధారమైనవాళ్ళ మీద.

నేను పల్లెల్లో ఈ స్త్రీలతో మాట్లాడినప్పుడు ఎక్కువగా విన్న మాట అప్పు. కాగితాల్లో వాళ్ళు 'వంట ఏజెన్సీ'. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. కూరగాయలకూ, పోపు సామానుకూ, పొయ్యిలోకీ వాళ్ళే ముందు పెట్టుబడి పెట్టాలి. బిల్లులు నెలల తరబడి రావు. కిరాణా కొట్లో పద్దు పెరుగుతుంది. పుస్తెలతాడు తాకట్టు పెట్టి పిల్లలకు పప్పు వండినవాళ్ళున్నారు. సెలవులు రాగానే రాబడి ఆగిపోతుంది, వడ్డీ మాత్రం ఆగదు. వడ్డీకి వేసవి సెలవులు లేవు కదా!

ఇక్కడున్న కిటుకు గమనించండి. అప్పు చేయాల్సి వచ్చినప్పుడు ఆమె ఏజెన్సీ, అంటే కాంట్రాక్టరు, తన లాభనష్టాలు తనవే. డబ్బు ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆమె హెల్పరు. హక్కు అడిగినప్పుడు సేవ చేసే తల్లి. ఏ కాంట్రాక్టరుకైనా తన పనికి ధర చెప్పుకునే వీలుంటుంది, ఈమెకు లేదు. ఏ కార్మికురాలికైనా కనీస వేతనం అడిగే చట్టం ఉంటుంది, అదీ ఈమెకు వర్తించనివ్వరు. రెండింటిలోని నష్టాలు ఈమెకి, లాభాలు ప్రభుత్వానికి.

పని లేని రోజులకు జీతమెందుకు అని అడిగేవాళ్ళున్నారు. న్యాయంగానే కనిపించే ప్రశ్న. కానీ ఈ సెలవు ఆమె అడిగి తీసుకున్నది కాదు. ఆమెను కూర్చోబెట్టింది యజమాని. పోనీ ఆ ఏడు వారాలూ ఇంకెక్కడైనా స్థిరంగా కుదురుకుందామా అంటే, బడి తెరిచే రోజుకి పొయ్యి వెలగాలి. ఆ రోజు రాకపోతే ఆ స్థానం ఇంకొకరిది. కాబట్టి దొరికిన కూలికి పోవాలి, మండుటెండలో మామిడి తోటలకో, మట్టి పనికో. దొరకని రోజు ఊరుకోవాలి. ఆమె ఎదురుచూపు కూడా బడి కోసం చేస్తున్న పనే. మనిషిని మన అవసరం కోసం అట్టే పెట్టుకుని, ఆ అట్టే పెట్టుకున్న కాలానికి ధర కట్టకపోవడం ఏ న్యాయం?

ఇది పూటపనే కదా అనేది రెండో వాదన. వందమంది పిల్లలకు ఇద్దరే మనుషులు. ఆ తర్వాత ప్రతి వందమందికీ ఒకరు. నిబంధన అది. కూరలు తరగడం, వండటం, వడ్డించడం, గిన్నెలు తోమడం, వంటగది కడగడం అన్నీ కలిపి చూస్తే పొద్దున మొదలైన పని మధ్యాహ్నం దాటితే గాని తెమలదు. మిగిలిన పూటకు ఊళ్ళో ఎవరు కూలికి పిలుస్తారు? వంట ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకుంటాం కాబట్టే దాన్ని అరపూట పనిగా, అరజీతం పనిగా చూడగలుగుతున్నాం. ఇంట్లో ఉచితంగా చేసే చాకిరీయే బడిలో ఆమె శ్రమకు విలువ కట్టే కొలమానమైపోయింది.

న్యాయస్థానాలు ఈ విషయంలో మౌనంగా లేవు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టి అని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో చెప్పింది. 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు అదే సూత్రాన్ని బడి వంటమనిషికి వర్తింపజేసి, నెలకు వెయ్యి రూపాయలివ్వడం వెట్టే అంది. హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు 2019లో పది నెలలకు కాదు, పన్నెండు నెలలకూ చెల్లించమంది. 2013లో భారత కార్మిక మహాసభ పథకాల్లో పనిచేసేవాళ్ళను కార్మికులుగా గుర్తించాలని సిఫార్సు చేసింది. 2022లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిచ్చింది. అంటే 'గౌరవ వేతనం' అని పేరు పెట్టినంత మాత్రాన శ్రమ సేవ అయిపోదు.

ఇంకో సంగతి. నేను పైన చెప్పిన 2004 నాటి ఆదేశంలోనే, కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పిల్లలకు భోజనం పెట్టాలని ఉంది. బడి మూసినంత మాత్రాన ఆకలి మూతపడదని కోర్టు గుర్తించింది. పిల్లల విషయంలో ఒప్పుకున్న ఈ చిన్న సత్యాన్ని వాళ్ళకు వండిపెట్టే స్త్రీ విషయంలో ఒప్పుకోవడానికి ఎందుకింత కష్టం? ఆ పిల్లల్లో ఆమె పిల్లలూ ఉంటారు కదా.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో దారిన పోయేవాళ్ళకు వేళ కాని వేళ కూడా అన్నం పెట్టిన మనిషి ఆమె. ఆ పేరు మీద నాకు అభ్యంతరం లేదు. కానీ సీతమ్మ గారు పెట్టింది తన ఇంటి అన్నం, తన ఇష్టంతో. బడి వంటమనిషి పెట్టేది రాజ్యం బాకీ పడ్డ అన్నం. దానానికి జీతం అడగరు నిజమే, బాకీ తీర్చే పనికి జీతం ఇవ్వాల్సిందే. అన్నపూర్ణ అని పిలిచి పస్తు పెట్టడం మనకు కొత్త కాదు, ఇకనైనా మానుకుందాం.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. పన్నెండు నెలల వేతనం. కనీస వేతనానికి తగ్గని మొత్తం. బిల్లులు నెలనెలా చెల్లింపు, ఆలస్యమైతే వడ్డీ. ప్రసూతి సెలవు. ఉపాధ్యాయ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో దీన్నీ ఒకటిగా చేర్చాలి. సెలవుల జీతం విలువ వాళ్ళకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? స్త్రీల సంఘాలుగా మనం చేయాల్సింది కూడా ఉంది. ఏప్రిల్ నెలలో మన ఊరి బడికి వెళ్ళి, వంట చేసే ఆవిడకు ఎన్ని నెలల బిల్లు బాకీ ఉందో అడుగుదాం. ఆ అంకె రాసుకుని మండల విద్యాధికారి దగ్గరకు ఆమెతో కలిసి వెళదాం. తాళం పడకముందే వెళదాం.