చెంబు మీద పేరు

మా ఊరి పాత సామాన్ల కొట్లో తక్కెడ మీద ఒక ఇత్తడి చెంబు చూశాను. మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు: ఒకావిడ పేరు, ఇంటిపేరు, ఊరు, దాని పక్కన 1958. కొట్టు యజమాని ఆ అక్షరాల వంకైనా చూడలేదు. కిలో రేటు కట్టాడు, చెంబును కుప్పలోకి విసిరాడు. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

ఆవిడ పేరు ఇంకెక్కడ రాసి ఉంటుంది? పొలం పట్టా మొగుడి పేరు మీద. బడికి పంపి ఉండరు, కాబట్టి హాజరు పట్టీలోనూ ఉండదు. పుట్టింటివాళ్ళు సారె పెట్టిన చెంబు మీద మాత్రం ఉంది. మన అమ్మమ్మల తరంలో ఎందరికో తమదని చెప్పుకోదగ్గ ఆస్తి ఆ నాలుగు గిన్నెలే, తమ పేరు కనిపించే చోటూ ఆ గిన్నెలే. రాజుగారి దానశాసనం దొరికితే పండితులు పరుగెత్తుకొస్తారు, అచ్చు తీస్తారు, లిపి మీద వాదులాడుకుంటారు. మరి ఇది శాసనం కాదా? దీన్ని కరిగించి కొళాయిలు పోస్తుంటే ఎవరికీ నొప్పి లేదెందుకు?

దారి తెలియక కాదు. సురవరం ప్రతాపరెడ్డి 1949లోనే ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసి, రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటలను ముందుకు తెచ్చారు. భద్రిరాజు కృష్ణమూర్తి నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లా రైతు ఏమంటాడో అడిగించి, 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చారు, 1971లో చేనేత సంపుటం తెచ్చారు. ఎంత గొప్ప పని! ఆ దారిన ఆ తర్వాత నడిచినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అహ్మదాబాద్‌లో విశాల్లా అనే భోజనశాల ఆవరణలో 1981 నుంచి వంటపాత్రలకే ఒక మ్యూజియం ఉంది. మన ప్రతి జిల్లా కేంద్రంలో అలాంటిది ఒకటి ఎందుకుండకూడదు?

బదులుగా మనకేం దొరికింది? రిసార్టులు. ఈమధ్య ఒక పెళ్ళికి వెళ్తే గుమ్మం పక్కనే పల్లెటూరి సెట్టు వేశారు. తిరగలి పైరాయి మీద బంతిపూలు పరిచారు, పిడి లేదు. నేను వంగి లోపలి ముఖం తడిమి చూశాను. గంట్లు అరిగి నున్నగా అయిపోయాయి. అంత నున్నబడాలంటే ఎన్ని వేల తెల్లవారుజాములు ఎవరి భుజం దాన్ని తిప్పిందో! వడ్డెర ఆడవాళ్ళు ఉలీ సుత్తీ పట్టుకుని వీధివీధీ తిరిగి మళ్ళీ ఆ గంట్లు కొట్టేవారు, గింజలు కూలిగా తీసుకునేవారు. ఒక రాయిలో ఇద్దరు ఆడవాళ్ళ రెక్కల కష్టం ఉంది. దాని పక్కన నిలబడి కుర్రకారు ఫోటోలు దిగుతున్నారు. వాళ్ళను తప్పుపట్టను. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.

నాకు మండిపోయేది మరొకటుంది. పాత వస్తువులనగానే కళ్ళు తుడుచుకుంటూ ఆ రోజులే వేరంటారు. కుంచాన్ని చూడండి. నాలుగు మానికలు ఒక కుంచం, అందరికీ తెలిసిన లెక్కే. కానీ కూలికి కొలిచేటప్పుడు అంచు దాకా కొట్టి కొలిచారా, గోపురంలా పోసి కొలిచారా? ఒక కుటుంబం ఆ పూట తిన్నదా, పస్తున్నదా తేలింది అక్కడ. ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు ఉంచుకున్న ఆసాముల కథలు కూలి చేసిన ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. టీకొట్టు బయట వేరే పెట్టిన దళితుల గ్లాసు సంగతేమిటి? తాగినవాళ్ళే కడిగి పెట్టాల్సిన ఆ గ్లాసు కూడా మన నిత్యజీవితపు వస్తువే. ఇత్తడి బిందె మెరుపు చూపించి, ఆ గ్లాసును దాచిపెట్టేవాడు చరిత్ర చెప్పడం లేదు, అబద్ధమాడుతున్నాడు. మ్యూజియం కడితే ఆ రెండూ ఒకే బల్ల మీద పెట్టండి.

చరిత్ర శాఖల్లోని అధ్యాపకులారా, మీ విద్యార్థులను ఒక్క నెల పుస్తకాల గది నుంచి బయటికి పంపండి, వంటిళ్ళలోకీ, పాత సామాన్ల కొట్లలోకీ. మీరంతా కూడా ఈ ఆదివారం అటకెక్కండి. దొరికినదాన్ని ఇంట్లో పెద్దావిడ ముందు పెట్టి అడగండి: ఎవరిచ్చారు, దీంతో ఏం చేసేవారు, దీన్ని ఎవర్ని ముట్టుకోనిచ్చేవారు కాదు? ఆవిడ గొంతు ఫోనులో రికార్డు చేయండి. ఆ తర్వాతే తక్కెడ సంగతి.

ఆ చెంబును కిలో రేటుకే కొని తెచ్చుకున్నాను. దాని మీద ఉన్న ఊరికి వెళ్ళి అడిగాను. ఆ ఇంటిపేరువాళ్ళు నాలుగిళ్ళున్నారు. ఆవిడ ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.