ఇంజను దించే ముందు

పాతకారు క్లచ్ మొరాయించినప్పుడు యజమాని మనసులో మొదట మెదిలేది ఖర్చు. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు విషయంలో ఆ భయం నిరాధారమైనది కాదు. అందులో క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజనును గొలుసు కట్టి పైకి లేపవలసిందే. గేర్‌బాక్సును మాత్రమే కిందికి దించే వీలు ఆ కారు నిర్మాణంలో లేదు. కనుక రోగనిర్ధారణ తప్పితే ఎంతో శ్రమ, ధనం వృథా అవుతాయి. ఇంజను దించి, కొత్త ప్లేటు బిగించి, తిరిగి అమర్చిన తరువాత పాత జబ్బే పలకరించిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఈ కారులోని 1798 సి.సి. ఇంజను మన అంబాసిడరులో ఏళ్ల తరబడి నడిచిన 1489 సి.సి. ఇంజనుకు దాయాది. రెండూ బి.ఎం.సి. వారి 'బి' శ్రేణికి చెందినవే. అంబాసిడరుతో చేయి తిరిగిన మెకానిక్కుకు ఈ ఇంజను అపరిచితం కాబోదు. అతడు ముందుగా తెలుసుకోవలసినది, క్లచ్‌కు వచ్చిన జబ్బు ఏ జాతికి చెందినదో.

క్లచ్ రోగాలు స్థూలంగా రెండు: పట్టు జారడం, పట్టు విడవకపోవడం. మొదటిదానిలో ఇంజను హోరు పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇది స్పష్టంగా తెలుస్తుంది. కాలిన వాసన కూడా రావచ్చు. దీనికి చిన్న పరీక్ష ఉన్నది. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు బిగించి, కారు ముందు ఎవరూ లేకుండా చూచి, మూడో గేరులో క్లచ్‌ను మెల్లగా వదలాలి. క్లచ్ ఆరోగ్యంగా ఉంటే ఇంజను ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే పట్టు జారుతున్నదని అర్థం. ఈ పరీక్షను ఒకటి రెండు క్షణాలకు మించి సాగించరాదు.

రెండవ రోగంలో పెడలు పూర్తిగా తొక్కినా గేర్లు గరగరమంటాయి. ఇంజను నెమ్మదిగా తిరుగుతూ ఉండగా క్లచ్ తొక్కి, అయిదారు క్షణాలు ఆగి, రివర్సు గేరు వేసి చూడాలి. దానికి సింక్రోమెష్ లేదు కనుక అబద్ధం చెప్పదు. శబ్దం లేకుండా పడితే క్లచ్ విడుతున్నట్లే.

విడవకపోవడానికి కారణం చాలాసార్లు గేర్‌బాక్సు బయటనే దొరుకుతుంది. పాదం తొక్కిన ఒత్తిడి మాస్టర్ సిలిండరు నుంచి గొట్టం ద్వారా స్లేవ్ సిలిండరుకు చేరి, అక్కడి రాడ్డును నెట్టాలి. ఒకరు పెడలు తొక్కుతుండగా మరొకరు కారు కిందినుంచి ఆ రాడ్డు ఎంత జరుగుతున్నదో కొలవాలి. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరడం ప్రాణాపాయం; దృఢమైన స్టాండ్లు తప్పనిసరి. రాడ్డు సుమారు 12 మిల్లీమీటర్లు జరగాలి. అంతకు బాగా తగ్గితే ఇంజను జోలికి పోనక్కరలేదు.

అప్పుడు వెతకవలసిన చోట్లు కొన్నే. పెడలు దగ్గర తడి ఉంటే మాస్టర్ సిలిండరు కారుతున్నది. స్లేవ్ సిలిండరు రబ్బరు తొడుగు తీయగానే ద్రవం జారితే దోషం అక్కడ. రెండు మూడుసార్లు తొక్కితే గాని పెడలు గట్టిపడకపోతే గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. కాలు తీయకుండా తొక్కిపట్టినప్పుడు కారు మెల్లగా ముందుకు పాకితే లోపలి రబ్బరు సీలు ఒత్తిడిని నిలపడం లేదు. పెడలును రాడ్డుతో కలిపే చిన్న పిన్ను అరిగి, దాని రంధ్రం కోలగా మారినా తొక్కుడులో కొంత భాగం వ్యర్థమవుతుంది. ఇంత చిన్న పిన్ను కోసం ఇంజను దించినవారు ఎందరో!

ఈ వ్యవస్థలో పోయవలసినది మన మెకానిక్కులు బ్రేక్ ఆయిల్ అని పిలిచే ద్రవమే. పేరులో ఆయిల్ ఉన్నదని ఇంజను ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఆ ద్రవం రంగు మీద పడితే రంగును తినివేస్తుంది. వెంటనే నీటితో కడగాలి.

రాడ్డు సరిగా జరుగుతున్నా గేరు గరగరమంటే, లేదా పట్టు జారుతూ ఉంటే, దోషం లోపలికి చేరినట్లే. అయితే జారే క్లచ్ విషయంలో ఇంకొక పరీక్ష మిగిలి ఉంటుంది. పాత రబ్బరు గొట్టం లోపల ఉబ్బి, ద్రవాన్ని వెనుకకు రానీయకపోవచ్చు. స్లేవ్ సిలిండరు నిపుల్ వదులు చేయగానే రాడ్డు వెనక్కి జరిగితే గొట్టం మార్చితే చాలు.

ఇంజను దించక తప్పనప్పుడు పొదుపు పనికిరాదు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చాలి. ప్లేటు మీద నూనె మరకలుంటే ఆ నూనె కారే చోటును ముందు మూయాలి. లేకుంటే కొత్త ప్లేటుకూ అదే గతి. ఫ్లైవీల్ మీద నీలిమచ్చలు, బీటలు ఉన్నవేమో చూడాలి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకుండా, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టి పారవేయాలి. ఊపిరితిత్తులకు కొత్త విడిభాగాలు దొరకవు గదా.

ఎం.జి.బి. రిలీజ్ బేరింగు గ్రాఫైటు వలయం. పెడలు మీద కాలు ఆనించి ఉంచినంతసేపూ అది అరుగుతూనే ఉంటుంది. కూడలిలో ఎర్రదీపం వెలిగినప్పుడు గేరు తీసి, కాలు పక్కన పెట్టడం అలవరచుకుంటే, ఇంజనును మళ్ళీ గొలుసు కట్టి లేపవలసిన రోజు చాలా దూరం జరుగుతుంది.