ట్రిప్ అయ్యిందని ఎంసీబీని తిడతారేం?

ఎంసీబీ పదే పదే పడిపోతోందని మీ ఎలక్ట్రీషియన్ 16 ఆంపియర్లది పీకి 32ది పెట్టాడా? కూలి ఇవ్వకండి. గోడలో ఉన్నది అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఇక ట్రిప్ అవదు, నిజమే, వైరు మాడుతుంది. వెనకటి రోజుల్లో కట్‌అవుట్‌లో ఫ్యూజు తీగ రెండు పెనలు వేసి మురిసిపోయేవారు. బుద్ధి మాత్రం అదే!

అసలు పాపం అంతకుముందే మొదలైంది. ఫిక్స్‌డ్ చార్జీలో నాలుగు డబ్బులు మిగులుతాయని కనెక్షన్ తీసుకునేటప్పుడు లోడు 2 కిలోవాట్లని రాయించుకుంటాం. తర్వాత కారు షెడ్డులోకి రంపం, కంప్రెసర్, వెల్డింగ్ మెషీన్ వచ్చి చేరతాయి. కాగితం మీద మాత్రం ఇంకా ఫ్యాన్లూ ఫ్రిజ్జే. వీధి వీధంతా ఇలా రాయిస్తే ట్రాన్స్‌ఫార్మర్ వేసేవాడు దేన్ని చూసి వేయాలి? సాయంత్రం లో వోల్టేజీ అని శాపనార్థాలు పెట్టేదీ మనమే.

ఇంకో వీరుడొస్తాడు. మెషీన్ల ప్లేట్ల మీది అంకెలన్నీ కూడేసి "15 కిలోవాట్లు పెట్టించండి సార్" అంటాడు. మనిషికి చేతులు రెండే కదయ్యా! రంపం కోసేవాడు అదే క్షణంలో వెల్డింగ్ చేయడు. చేతిలో ఉండే పెద్ద మెషీన్ ఒక్కటి చూడు. దానికి తనంతట తానే లేచే కంప్రెసర్, పొట్టు లాగే బ్లోయర్, లైట్లు, ఇంట్లో ఏసీ, గీజర్ కలుపు. 2 హెచ్‌పీ రంపానికి 230 వోల్టుల మీద దాదాపు 11 ఆంపియర్లు. అంతే కంప్రెసర్‌కి మరో 11. 1 హెచ్‌పీ బ్లోయర్‌కి 6. అప్పుడే 28 అయ్యింది, ఏసీ ఇంకా వేయనేలేదు. 2 కిలోవాట్లంటే 9 ఆంపియర్లు కూడా లేవు!

మోటారు లేచే క్షణం ఎవరి లెక్కలోకీ రాదు. అప్పుడది మామూలుకు ఐదారు రెట్లు గుంజుతుంది. మీటరు నుంచి షెడ్డుకి 30 మీటర్లు 2.5 వైరే లాగితే, 60 ఆంపియర్లకి 26 వోల్టులు దారిలోనే పోతాయి. మోటారు మూలుగుతుంది, లేవదు, వైండింగ్ కాలుతుంది. నా కంప్రెసర్ అలాగే పోయింది. "మోటారు మంచిదే సార్, కరెంటే చాల్లేదు" అన్నాడు చుట్టినాయన.

3 హెచ్‌పీ మెషీన్ కొనే ఆలోచనుంటే త్రీఫేజే తీసుకోండి. ఆ మోటారుకి ఫేజుకి 5 ఆంపియర్లు చాలు. "ఇంటికి త్రీఫేజ్ ఎందుకండీ?" అన్నవాణ్ణి ఓసారి షెడ్డులోకి పిలవండి.

నేను లోడు పెంచమని అప్లికేషన్ పెట్టడానికి వెళ్లాను. వెనకే మా పక్కింటాయన, కొత్త ఇంటికి సర్వీసు కోసం. 2 కిలోవాట్లే రాయించాడు. ఏసీలు మూడు.