గోల ఎక్కువైతే రాక్ గొప్పదవుతుందా?

రాక్ సంగీతం పేరు చెప్పగానే చెవులు మూసుకొనేవాళ్ళున్నారు. "అది పాటా, గోలా?" అంటారు. నాకు ఆ గోలంటే ఇష్టం. అయినా రాక్ ఆల్బంలమీద నాకూ ఒక ఫిర్యాదుంది. అవి గోల చేస్తాయని కాదు, కొన్ని ఆల్బంలలో ఆ గోలకు హెచ్చుతగ్గులు లేకుండా పోయాయని!

ముందు, రాక్ గిటారు అలా గరగరలాడుతుందెందుకో చూద్దాం. చిన్న రేడియోకు సౌండు పూర్తిగా పెంచితే పాట బొంగురుపోవడం మీరు వినే ఉంటారు. యాంప్లిఫయరు మోయగలిగిన బరువుకు ఒక హద్దుంటుంది. ధ్వని తరంగం ఆ హద్దు దాటబోతే దాని శిఖరాలు కత్తిరించినట్లు చదునైపోతాయి. అప్పుడు అసలు స్వరంతోపాటు, అంతకు కొన్ని రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు కొత్తగా పుట్టుకొస్తాయి. రేడియోలో ఇది దోషం. రాక్ వాద్యకారులు దాన్నే అలంకారంగా మార్చుకున్నారు. ఇంగ్లండులోని కింక్స్ బృందపు గిటారిస్టు డేవ్ డేవిస్ అయితే స్పీకరులోని కాగితపు శంకువును బ్లేడుతో కోసేశాడు! 1964లో వచ్చిన "యూ రియల్లీ గాట్ మీ" పాటలోని గరగర ఆ చిరిగిన కాగితానిదే. మీరు మాత్రం ఇంట్లో స్పీకరు జోలికి పోకండి సుమా!

కాని మంచి రాక్ అంతా గరగరే అనుకుంటే పొరపాటు. 1967లో బీటిల్స్ "సార్జంట్ పెప్పర్స్" ఆల్బం తయారుచేసినప్పుడు వాళ్ళకున్నవి నాలుగేసి ట్రాకుల టేపు యంత్రాలే. ఆ ఆల్బం చివర పియానోలమీద ఒక్కసారిగా మోగించిన స్వరాలు 40 సెకన్లకు పైగా సన్నగిల్లుతూ పోతాయి. నాదం తగ్గుతున్నకొద్దీ ఇంజనీర్లు రికార్డింగు స్థాయిని పెంచుతూ పోయారు. శ్రద్ధగా వింటే స్టూడియోలో ఎవరిదో కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది. నాలుగేళ్ళ తరువాత లెడ్ జెప్లిన్ బృందం ఒక పాత భవనంలో మెట్ల కింది హాలులో డ్రమ్ములు పెట్టి, మైక్రోఫోన్లను పైఅంతస్తునుంచి వేలాడదీసింది. ఆ డ్రమ్ముల గాంభీర్యంలో సగం వాటాదారు ఆ భవనపు గోడలే అంటాను నేను.

ఇక పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి "డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్" ఉంది. అది గుండె చప్పుడుతో మొదలవుతుంది. మొదట వినిపించీ వినిపించకుండా! నా లెక్కలో దానికి సాటి వచ్చే ఆల్బం లేదు.

1981లో ఫిల్ కాలిన్స్ ఒక పాటలో ఢమాలున మోగి ఠక్కున ఆగిపోయే డ్రమ్ము వాయించాడు. పాట బాగానే ఉంది. తరువాత చాలామంది అదే డ్రమ్మును పట్టుకు వేలాడటం నాకు విసుగు. అయితే ఆ దశాబ్దంతో రాక్ చచ్చిపోయిందనే నా మిత్రుడితో నేను ఏకీభవించను. 1991 నాటి నిర్వాణా "నెవర్‌మైండ్" వినమంటాను. చరణం మెల్లగా నడిచి, పల్లవి విరుచుకుపడుతుంది. ఆ మెల్లదనం లేకపోతే ఆ విరుచుకుపడటం ఎక్కడుంటుంది?

ఇప్పుడు నా ఫిర్యాదుకు వస్తాను. ఎల్.పి. రికార్డులో శబ్దం పెద్దదైనకొద్దీ గాడి అటూ ఇటూ ఎక్కువగా ఊగుతుంది, చోటు ఎక్కువ తింటుంది. మరీ ఎక్కువైతే ముల్లు ఎగిరి పక్క గాడిలో పడుతుంది. అందుచేత గోలకు రికార్డే కళ్ళెం వేసింది. 1982లో అమ్మకానికి వచ్చిన కాంపాక్టు డిస్కుకు ముల్లూ లేదు, ఆ బెంగా లేదు. ధ్వని తీవ్రతను అది 65,536 మెట్లలో కొలిచి దాచుకుంటుంది. అతి మెల్లని, అతి పెద్ద శబ్దాల మధ్య సుమారు 96 డెసిబెల్‌ల అంతరం అందులో ఇముడుతుంది. రికార్డుకు అంత వెసులుబాటు లేదు.

ఇంత విశాలమైన ఇల్లు దొరికితే ఏం చేశారనుకున్నారు? అందరూ వెళ్ళి పైకప్పుకు అతుక్కొని కూర్చున్నారు! ఒకే పాటను రెండు స్థాయిల్లో వినిపిస్తే, కాస్త పెద్దగా ఉన్నదే బాగున్నట్లు చెవికి తోస్తుంది. అందుకని మెల్లని భాగాలను పైకి తోసి, శిఖరాలను నొక్కేశారు. మెటాలికా 2008లో "డెత్ మాగ్నెటిక్" విడుదల చేసినప్పుడు అభిమానులే ఎదురుతిరిగారు. అవే పాటలు "గిటార్ హీరో" అనే వీడియో ఆటలో ఇంతగా నొక్కకుండా వచ్చాయి. రెండూ పోల్చి విన్నవాళ్ళకు తేడా తెలిసిపోయింది. ఆల్బంను మళ్ళీ సరిచేయమని వేలమంది సంతకాలు పెట్టారు. డేవ్ డేవిస్ కోరి తెచ్చుకున్న గరగర వేరు, పాట మొత్తాన్నీ కప్పుకు గుద్ది పుట్టించిన గరగర వేరు.

ఇప్పుడు ఇంటర్‌నెట్‌లో పాటలు వినిపించే ముఖ్యమైన సంస్థలు అన్ని పాటల తీవ్రతనూ ఇంచుమించు ఒకే స్థాయికి సర్దుతున్నాయి. గట్టిగా అరిచిన పాటకు ఆ లాభమూ పోయింది.

మీరు "డార్క్ సైడ్" వినదలిస్తే ఒక్క మాట. మొదట్లో గుండె చప్పుడు సరిగా వినిపించడం లేదని చెవిలో పెట్టుకున్న హెడ్‌ఫోనుకు సౌండు పెంచేయకండి. కాసేపట్లో గడియారాలన్నీ ఒక్కసారిగా గంటలు కొడతాయి!