సూదియా, మాత్రయా?

ఆరు మాసములు నిండని శిశువునకు మధుమేహము వచ్చినచో, చాలవరకు దానికి మూలము ఒక్క జన్యువులోని లోపమే. అట్టి లోపమొకదానిని 2004లో ఇంగ్లండులోని ఎక్సిటర్ పరిశోధకులు కనుగొనిరి. ఆ బిడ్డలలో పెక్కుమందికి ఇన్సులిన్ సూదులు మాన్పి మాత్రలతోనే చికిత్స చేయవచ్చునని 2006లో తేలినది. అన్ని లోపములును ఇంత సులువుగా లొంగవు. మేనరికపు కుటుంబములలో కొన్ని తలిదండ్రులిరువురి నుండియు కలిసి సంక్రమించును. కోడలినే నిందించు అత్తలు గమనింతురు గాక!

వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. అచటి పిల్లల వార్డులో అట్టి శిశువు చేరిన నాడే వంశచరిత్ర వ్రాసికొని, నెత్తురును జన్యుపరీక్షకై హైదరాబాదు పంపవలెను. కూలికి పోవు తల్లి ఆ ఖర్చు మోయలేదు, ప్రభుత్వమే భరింపవలెను. ఫలితము చేతికందువరకు మాత్రము ఇన్సులిన్ ఆపరాదు.