ఉప్పు, లిథియం, కృష్ణా తీరం

ప్రకృతి చికిత్సకు తెలుగునేల పాత చుట్టమే. జర్మనీకి చెందిన లూయీ కూనే గ్రంథాన్ని వేంకటచలపతి శర్మ 1894లో తెలుగులోకి తేవడంతోనే ఈ దేశంలో ప్రకృతి చికిత్సోద్యమం మొదలైందని ఆ చరిత్ర రాసినవారు చెబుతారు. కృష్ణా డెల్టాలో ఆ అభిమానం నేటికీ చెక్కుచెదరలేదు. విజయవాడలో నోరి రామశాస్త్రి పేరిట ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. గుడివాడలో గురురాజు పేరిట ప్రభుత్వ హోమియో కళాశాల ఉంది. కృష్ణ ఒడ్డున మంతెన సత్యనారాయణరాజు గారి ఆరోగ్యాలయం ఉంది. ఇక సూర్యారావుపేట వీధుల్లో అల్లోపతీ వైద్యుల బోర్డులకు లెక్కే లేదు. ఇంట్లో ఒకరికి తగ్గని జబ్బు చేస్తే ఈ గుమ్మాలన్నీ ఎక్కి దిగడం ఇక్కడి కుటుంబాలకు అలవాటు. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ఒక గుమ్మంలో చెప్పినది రెండో గుమ్మంలో చెప్పకపోవడం వల్లనే చిక్కు వస్తుంది. ఆ చిక్కు ప్రాణాల మీదికి తెచ్చే జబ్బు ఒకటుంది. దాని గురించే ఈ వ్యాసం.

వైద్యులు దానిని ద్విధ్రువ మనోవ్యాధి అంటున్నారు. జనం నోట బైపోలార్ అన్న మాటే నిలిచింది. కొన్నాళ్లు నిద్ర అక్కరలేని ఉత్సాహం, ఆగని మాట, చేతికందినంత ఖర్చు, ఎవరి మాటా వినని ధీమా. మరికొన్నాళ్లు మంచం దిగలేని విషాదం, బ్రతుకు మీద విరక్తి. రెంటి మధ్య మామూలుగా ఉండే రోజులు. ఎక్కువమందిలో కాలేజీ వయసులోనో, ఆ తర్వాత కొద్ది ఏళ్లకో బయటపడుతుంది. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఈ జబ్బున్న ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురికి చికిత్స అందడం లేదని తేలింది. చికిత్స అందినవారిలోనూ మధ్యలో మానేసేవారు తక్కువేమీ కారు. మానేయడానికి వారు చెప్పే కారణాల్లో తరచుగా వినబడేది ఒకటి: "ఎన్నాళ్లని ఈ కెమికల్స్ మింగడం? ప్రకృతి సహజంగా నయం చేసుకోవచ్చుగా!"

ఈ ప్రశ్నను ఎగతాళి చేయకుండా జవాబు చెప్పాలి. మందుతోపాటు ప్రకృతి సహాయం తీసుకోవచ్చునా? తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. అయితే సహజం అన్న ముద్ర ఉన్నవన్నీ ఒక గాటన కట్టదగినవి కావు. రోజుకు ఒక క్రమాన్ని ఇచ్చేవి ఈ రోగికి మేలు చేస్తాయి. ఆహారంలో నుంచో, నిద్రలో నుంచో, మందులో నుంచో ఏదో ఒకటి హఠాత్తుగా మాన్పించేవి కీడు చేస్తాయి. ఈ తేడా తెలుసుకోవడానికి ఉప్పును మించిన ఉదాహరణ లేదు.

ముందుగా ఒక మాట. ఈ జబ్బుకు వాడే మందుల్లో ముఖ్యమైన లిథియం ఏ ప్రయోగశాలలోనూ పుట్టినది కాదు. రాళ్లలోను, ఉప్పునీటి ఊటల్లోను దొరికే మూలకం. సోడియానికి దగ్గర చుట్టం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాద స్థితిలో ఉన్నవారికి దాని లవణాన్ని ఇచ్చి, వారు నెమ్మదించడాన్ని గమనించి ప్రకటించాడు. ఏ కంపెనీకీ పేటెంటు దక్కని చౌక పదార్థం అది. సహజమా, కృత్రిమమా అని తరాజులో తూచితే మన మందుల దుకాణంలో ఇంతకన్నా సహజమైనది అరుదు.

కాని ఆ సహజ పదార్థానికే మోతాదు ఇరుకు. లీటరు రక్తరసికి 0.6 నుంచి 1.0 మిల్లీఈక్వివలెంట్ల మధ్య ఉంటే మందు, 1.5 దాటితే విషం కావచ్చు. అందుకే చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి పరీక్ష చేస్తారు. ఈ హద్దును కాపాడేవి మూత్రపిండాలు. అవి సోడియాన్నీ లిథియాన్నీ పెద్దగా తేడా చూడకుండా పట్టుకుంటాయి. ఒంట్లో సోడియం తగ్గినప్పుడు ఉన్నది పోనివ్వకుండా వెనక్కు లాక్కుంటాయి. ఆ లాక్కోవడంలో లిథియం కూడా వెనక్కు వచ్చేస్తుంది. వేసుకునే మాత్రల సంఖ్య మారదు, రక్తంలో లిథియం మాత్రం పెరిగిపోతుంది.

ఇది ఊహ కాదు. 1940ల చివర అమెరికాలో ఉప్పు మానవలసిన గుండెజబ్బు రోగులకు ఉప్పుకు బదులుగా లిథియం క్లోరైడును అమ్మారు. వంటలో అది చల్లుకున్నవారిలో కొందరు విషమించి మరణించారు. 1949లో దానిని అంగళ్ల నుంచి తొలగించారు. కేడ్ తన వ్యాసం ప్రకటించిన సంవత్సరమూ అదే. ఆ భయంతోనే కావచ్చు, అమెరికాలో లిథియానికి మందుగా అనుమతి 1970 దాకా రాలేదు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ఉప్పు లేని భోజనం మంతెన వారి బోధలో మూలసూత్రం. టీవీలోను, పుస్తకాల్లోను దశాబ్దాలుగా ఆయన చెబుతున్నది ఇంటింటికీ చేరింది. రక్తపోటు ఉన్నవారికి ఉప్పు తగ్గించడం మంచిదని ఆధునిక వైద్యమూ చెబుతుంది. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు లేనిదే ముద్ద దిగని మన జిల్లాల్లో ఆ మాట గట్టిగా చెప్పేవారు ఒకరుండటం మేలే. కాని లిథియం వాడుతున్న ఒక యువకుడు టీవీలో విని సోమవారం నుంచి ఉప్పు పూర్తిగా మానేస్తే? దానికి తోడు రసాల ఉపవాసం, ఎనిమా, ఆవిరి స్నానం మొదలుపెడితే? అందులోనూ అది రోహిణీకార్తె అయితే? బెజవాడను బ్లేజువాడ అన్న పాత చమత్కారం ఊరికే పుట్టలేదు. చెమటతో నీరూ ఉప్పూ రెండూ పోతాయి.

అప్పుడు ఏం జరుగుతుంది? వాంతులు, విరేచనాలు, చేతుల వణుకు, తూలుడు, మాట ముద్దగా రావడం, మత్తు. లిథియం విషమించిన లక్షణాలు ఇవి. చికిత్స మొదటి రోజుల్లో ఒళ్లు తిప్పుతుంది, నీరసం వస్తుంది, విరేచనాలు అవుతాయి, అవి మలినాలు బయటికి పోతున్న గుర్తులు కనుక భయపడవద్దు అని ప్రకృతి చికిత్సలో పాతకాలం నుంచి ఒక సిద్ధాంతం ఉంది. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట ఓర్చుకోమని చెప్పే లక్షణాలే మరొకచోట వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిన లక్షణాలు. లిథియం సంగతి చెప్పని రోగి, అడగని చికిత్సకుడు కలిస్తే ఎంత మంచి మనసులున్నా అపాయం తప్పదు.

ఉప్పు మానకూడదు అంటే ఎక్కువ తినమని అర్థం కాదు. ఒక్కసారిగా పెంచితే లిథియం తగ్గి జబ్బు తిరగబెట్టవచ్చు. రోజూ తినేంత రోజూ తినాలి. వేసవిలో నీరూ, ఉప్పు వేసిన మజ్జిగా మానకూడదు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే వైద్యునికి చెప్పాలి. కీళ్లనొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి మాత్రలను సొంతంగా వేసుకోకూడదు. అవి కూడా లిథియాన్ని పెంచుతాయి. మూత్రపిండాలు, థైరాయిడ్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లయినా అవసరం.

మరి ప్రకృతి నుంచి నిజంగా వచ్చే సాయం ఏది? ఆయుర్వేదం దినచర్య అన్న మాటలో దానిని ఏనాడో చెప్పింది. వేళకు నిద్ర, వేళకు మేలుకోవడం, వేళకు భోజనం. చరకసంహిత ఉన్మాదానికి నిదానస్థానంలోను, చికిత్సాస్థానంలోను వేర్వేరు అధ్యాయాలు కేటాయించింది. అదే ఆయుర్వేదం ఆరోగ్యానికి నిద్రను ఒక స్తంభంగా నిలబెట్టింది. 2005లో ఎలెన్ ఫ్రాంక్ బృందం 175 మంది బైపోలార్ రోగులతో చేసిన అధ్యయనం ప్రకటించింది. మందులతోపాటు రోజువారీ వేళలను స్థిరపరచుకునే శిక్షణను జబ్బు ముదిరి ఉన్న దశలోనే పొందినవారు, తర్వాత ఎక్కువకాలం తిరగబెట్టకుండా ఉన్నారు. నార్వేలో 2016లో ప్రకటించిన మరొక చిన్న అధ్యయనంలో ఉన్మాద స్థితిలో ఉన్నవారికి సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఎనిమిది దాకా నీలికాంతిని అడ్డుకునే అద్దాలు పెట్టారు. వారం రోజుల్లో స్పష్టమైన మార్పు కనిపించింది. చీకటి కూడా ఔషధమే అన్నమాట.

ఈ దృష్టితో చూస్తే మన జీవనంలో ఎన్ని గండాలున్నాయో! అర్ధరాత్రి పెళ్లి ముహూర్తాలు, శివరాత్రి జాగరణ, తెల్లవారుజామున చన్నీటి స్నానాలతో సాగే భవానీ, అయ్యప్ప దీక్షలు, ఇంటర్ హాస్టళ్లలో రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లు. నిద్ర కరవైన ఒకటి రెండు రాత్రులే ఉన్మాదాన్ని రేపగలవు. దీక్ష పట్టవద్దని అనను. నిద్రనూ, మాత్రలనూ ముట్టుకోని దీక్ష పట్టమంటాను. జబ్బున్న బిడ్డ చేత జాగరణ చేయించకపోతే శివుడు కోపించడు.

నడక మంచిది. బందరు కాలువ గట్టున గంట నడిచినా మేలే, అయితే రాత్రి పదింటికి కాదు. యోగాసనాలతో, నెమ్మదైన శ్వాసతో మనసు కుదుటపడిందని చెప్పిన రోగులున్నారు. వేగంగా శ్వాస పీల్చి వదిలే ప్రాణాయామాలతో అలజడి పెరిగిందని చెప్పినవారూ ఉన్నారు. కనుక కపాలభాతి, భస్త్రిక విషయంలో ముందు వైద్యునితో మాట్లాడాలి. కానాగంతలు, కవళ్లు వంటి సముద్రపు చేపల్లోని ఒమేగా-3 కొవ్వులు విషాదదశలో కొంత ఉపయోగపడవచ్చునని అధ్యయనాలు సూచించాయి. ఉన్మాదం మీద వాటి ప్రభావం కనబడలేదు. అశ్వగంధ థైరాయిడ్‌ను పెంచగలదు, కొందరిలో కాలేయానికి హాని జరిగిన సందర్భాలూ నమోదయ్యాయి. చెట్టు నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో దానికి మినహాయింపు ఇవ్వలేం. సర్పగంధ వేరు ఉన్మాదాన్ని అణచగలదని మన వైద్యులు ఎప్పుడో గుర్తించారు. దాని నుంచి తీసిన రిసర్పిన్ కొందరిని విషాదంలోకి దించిందన్న సంగతీ వైద్యచరిత్రలో ఉంది.

"బాగానే ఉన్నాడుగా, ఇంక మందెందుకు?" అని అడిగే పెద్దలకు ఒక మాట. 1952లో కృష్ణ మీద పాత ఆనకట్టకు గండి పడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నది శాంతంగా పారింది. అంతమాత్రాన బ్యారేజీ అక్కరలేదని ఎవరూ అనలేదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. బాగున్న రోజుల్లో మందు ఏమీ చేయనట్లే కనిపిస్తుంది. లిథియాన్ని ఉన్నట్టుండి ఆపినవారిలో జబ్బు త్వరగా, తీవ్రంగా తిరగబెడుతుందని వైద్యులు పదేపదే చూశారు. ఆపవలసివస్తే వైద్యుని పర్యవేక్షణలో, నెమ్మదిగా తగ్గించుకోవాలి.

కావలసినది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. ప్రతి ప్రకృతి చికిత్సాలయంలోను, ప్రతి ఆయుర్వేద, హోమియో వైద్యుని గదిలోను చేరిక కాగితం మీద ఒక ప్రశ్న ఉండాలి: "లిథియం వాడుతున్నారా?" ఇప్పటికే అడుగుతున్నవారికి నమస్కారం. ప్రతి మానసిక వైద్యుడూ లిథియం రాసిన చీటీ మీద తెలుగులో ఒక వాక్యం రాయాలి: "నన్నడగకుండా ఉప్పు మానవద్దు, ఉపవాసాలు చేయవద్దు." రోగి కూడా ఏ గుమ్మం ఎక్కినా ఆ చీటీని దాచకుండా చూపాలి. మనసు జబ్బు అనగానే చీటీ దాచుకునే సిగ్గు మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆ సిగ్గు పోకపోతే ఏ వైద్యవిధానమూ రెండోదానికి తోడు రాలేదు. మనసు బరువెక్కిన వేళ ఎవరితో చెప్పుకోవాలో తెలియనివారికి 2022 నుంచి ప్రభుత్వపు టెలీ మానస్ 14416 నంబరు ఉంది. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రకృతిని నమ్మేవారు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. మన ఒంట్లోని ఉప్పూ ప్రకృతే, రాతిలోని లిథియమూ ప్రకృతే, రాత్రి చీకటీ ప్రకృతే. వాటి పొత్తు చెడగొట్టకుండా బ్రతకడమే ఈ రోగికి ప్రకృతి జీవనం.