దిగాలా.. మళ్లీ లేవాలా?

ముంబయి: 2023 సెప్టెంబరు 14 సాయంత్రం విశాఖపట్నం నుంచి ముంబయి వచ్చిన లియర్‌జెట్‌ 45 చిన్న విమానం దిగబోతూ రన్‌వే 27 నుంచి పక్కకు తప్పింది. విరిగి ముక్కలై మంటలు లేచినా లోపలి ఎనిమిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. రాకపోకలు కాసేపు ఆగిపోయాయి.

లెక్క ప్రకారం ఓకే..
అప్పుడు జోరువాన. కనుచూపు దూరం 700 మీటర్లేనని డీజీసీఏ ప్రకటించింది. రేడియో సంకేతాల సాయంతో దిగే మామూలు పద్ధతికి రన్‌వే 550 మీటర్లు కనిపిస్తే చాలు. అంటే దిగొచ్చు. చిక్కల్లా అక్కడే. నిబంధన దిగడానికి అనుమతిస్తుందే గానీ క్షేమానికి పూచీ ఇవ్వదు.

పావు నిమిషమే గడువు
సంకేతాలు 200 అడుగుల ఎత్తు వరకు తెస్తాయి. ఆపైన పైలట్‌ కళ్లే దిక్కు. నేల తాకడానికి మిగిలేది సుమారు పావు నిమిషం. బరువు తక్కువైన చిన్న జెట్‌ గాలి విసురుకు ఇట్టే పక్కకు పోతుంది. అందుకే మబ్బులో 1000 అడుగులకే వేగం, దారి కుదరాలి. కుదరకుంటే మళ్లీ పైకి లేవాల్సిందే.

చార్టర్‌ విమానాల్లో ఇది చెప్పినంత తేలిక కాదు. కిరాయి కట్టిన పెద్దమనిషి పైలట్‌ వెనకే కూర్చుంటాడు. ఆయనకు మీటింగ్‌ తొందర. ముంబయిలో అలా జరిగిందని కాదు, కానీ ఈ రంగంలో ఆ ఒత్తిడి ఎప్పుడూ ఉండేదే.

విశాఖ, హైదరాబాద్‌ల నుంచి ముంబయికి తిరిగే మనవాళ్లు చాలామందే. వానలో విమానం దిగినట్టే దిగి పైకి లేస్తే విసుక్కోవద్దు. పైలట్‌ తన పని సరిగా చేస్తున్నాడన్నమాట.